చిటికెడు మట్టిలో... ఎన్ని వేటలో!

అనంతపురం నుంచి గుత్తి వైపు వెళ్తుంటే దారిలో వస్తుంది గార్లదిన్నె. రోడ్డుకు అటూ ఇటూ ఎర్రనేలలు. మిడ్‌పెన్నార్ జలాశయం ఈ మండలంలోనే ఉన్నా, కాలువ అందని చేలకు వానే దిక్కు. అది ముఖం చాటేసిన ఏడాది వేరుశనగ చేలో గుప్పెడు మట్టి తీసుకుంటే, దుమ్మై వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఇందులో ఇంకేం బతికుంటుంది అనిపిస్తుంది. జవాబు కావాలంటే ఇంతకన్నా ఎండిన నేలకు వెళ్లాలి. అదెక్కడో కాదు... మంచుఖండంలో!

మంచులోనూ కరవే

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటార్కిటికా నడిబొడ్డున కురిసే మంచునంతా కరిగించినా వచ్చేది సుమారు 50 మిల్లీమీటర్లే. ఆ ఖండంలో రాయీ మట్టీ బయటికి కనిపించే కొద్దిచోట్లలో షిర్మాకర్ ఒయాసిస్ ఒకటి. మన ‘మైత్రి’ పరిశోధన కేంద్రం ఉన్నది అక్కడే. అక్కడి మట్టిలో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన ఎస్.శివాజీ బృందం చలికి తట్టుకునే కొత్త బ్యాక్టీరియాను కనిపెట్టింది. 1992లో దానికి స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కిటికస్ అని పేరు పెట్టింది.

తోడేళ్ల మంద

మట్టిలో ఇలాంటి సాధుజీవులే కాదు, వేటగాళ్లూ ఉంటాయి. మొక్కల తెగుళ్లకు కారణమయ్యే బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల కోసం జర్మనీ శాస్త్రవేత్తలు మట్టిని గాలిస్తుంటే 1962లో బ్డెల్లోవిబ్రియో బయటపడింది. ఇది తనకన్నా పెద్ద బ్యాక్టీరియాను ఢీకొట్టి, గోడకు కన్నం వేసి లోపలికి దూరుతుంది. దాన్ని తినేసి మూడు నాలుగు గంటల్లో పిల్లలతో సహా బయటికొస్తుంది! మిక్సోబ్యాక్టీరియాది తోడేళ్ల తీరు. గుంపుగా కదులుతూ రసాలు వదిలి ఎరను కరిగించి తినేస్తాయి. అంటార్కిటికా మట్టిలోనూ ఇవి కనిపించాయి.

వీటిని పట్టుకోవడానికీ ఎర వెయ్యాల్సిందే. గాజుపళ్లెంలో మామూలు బ్యాక్టీరియాను పొరలా పెంచి, దానిపై కాస్త మట్టి వేస్తారు. పొరలో ఎక్కడ చిల్లు పడితే అక్కడ వేటగాడు ఉండొచ్చు. దాన్ని విడిగా పెంచి, డీఎన్‌ఏనూ లక్షణాలనూ తెలిసినవాటితో పోల్చి చూస్తారు. దేనితోనూ కలవకపోతేనే కొత్త జాతి.

వాన కోసమే...

ఈ వేట వల్ల నేలకూ లాభమే. చనిపోయిన బ్యాక్టీరియాలోని నత్రజని తిరిగి మట్టిలో కలుస్తుంది. తిండి కరవైతే మిక్సోబ్యాక్టీరియా విత్తనాల్లాంటి సిద్ధబీజాలుగా ముడుచుకుపోతుంది. ఎండనూ తట్టుకుంటుంది. తిండీ తడీ దొరికాక మళ్లీ లేస్తుంది. కాబట్టి ఎండిన చేను చచ్చిన చేను కాదు. రైతు పశువుల ఎరువు తోలేది పంటకే కాదు, కంటికి కనపడని ఈ ప్రాణాలకు కూడా. మబ్బు కోసం ఆకాశంకేసి చూసేది గార్లదిన్నె రైతు ఒక్కడే అనుకుంటాం. ఆయన కాళ్ల కింద కోట్ల ప్రాణాలు అదే వానకు ఎదురుచూస్తున్నాయి.