చిల్లర లెక్కలు

ఫోన్ బిల్లులో వెయ్యి రూపాయలు ఎక్కువ పడితే ఎంత మెతక మనిషైనా ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకే వెయ్యి ఎప్పుడో గాని పోదు. పోయేదల్లా రూపాయి, రెండు రూపాయలు, నెలకో ముప్పై. నలుగురిలో అడగాలంటే నామోషీ అనిపించే మొత్తాలు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, తెలుగు కోసం ఓ అంకె నొక్కి, తప్పు మెనూలోకి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, వాళ్ల పాటంతా విని, చివరికి మనిషి గొంతు వినపడేసరికి పోయిన డబ్బు కంటే పోయిన పూటే ఖరీదనిపిస్తుంది. “పోతే పోయింది వెధవ ముప్పై రూపాయలు” అనేసి ఊరుకుంటాం. ఇలా ఊరుకునేవాళ్లు కోట్లలో ఉన్న దేశంలో ముప్పై రూపాయలు చిన్న మొత్తమేమీ కాదు.

మా బాబాయి ఊరుకునే రకం కాదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. టికెట్టు వెనక పెన్నుతో చిల్లర బాకీ రాసివ్వడం, దిగేటప్పుడు అడిగితే లెక్కపెట్టి చేతిలో పెట్టడం ఆయన జీవితమంతా చేసిన పని. “మర్చిపోయి దిగిపోయినవాడి చిల్లర ఎవరి సంచీలో ఉండిపోతుందో నాకు తెలుసురా. ఆ సంచీ నా భుజానే ఉండేది” అంటాడు.

ఒకప్పుడు ఆయనకి ఎవరు ఫోన్ చేసినా రింగుకి బదులు మాంఛి హుషారైన సినిమా పాట వచ్చేది. కాలర్ ట్యూన్‌తో ఉన్న చిక్కేమిటంటే, దానికి డబ్బు కట్టేవాడికి తప్ప లోకమంతటికీ అది వినపడుతుంది. ఆ సంగతి బాబాయికి వియ్యంకుడి వల్ల తెలిసింది. “బావగారు ఈమధ్య మంచి ఊపు మీదున్నట్టున్నారే” అన్నాడట ఆయన. బాబాయి సిగ్గుతో చచ్చిపోయి, తెల్లారగానే కంపెనీవాళ్ల షాపుకి బయల్దేరాడు. తోడు నేను.

“మీరే పెట్టుకున్నారు సార్. సిస్టమ్‌లో చూపిస్తోంది” అంది కౌంటర్లో అమ్మాయి.

“నేను పెట్టుకోలేదమ్మా.”

“ఏదైనా మెసేజ్ వస్తే ఓకే నొక్కారేమో?”

బాబాయిది బటన్ల ఫోన్. ఆ రోజుల్లో బ్యాలెన్స్ చూసుకుంటున్నా, నంబరు కొడుతున్నా తెర మీదికి ఏదో ఒకటి దూకేది. జ్యోతిషం, జోకులు, క్రికెట్ స్కోరు, పాట. కింద ఒక మూల ‘ఓకే’, ఇంకో మూల ‘క్యాన్సిల్’. అడ్డం తొలగితే చాలనుకునే మనిషి బొటనవేలు ఎటు పోతుందో కనిపెట్టినవాడెవడో గట్టివాడే.

“నొక్కే ఉంటాను. దారిన పోయేవాడు ఈగను తోలుకోడానికి చెయ్యెత్తాడని బస్సాపి, టికెట్టు కొట్టేస్తే ఊరుకుంటారా అమ్మా?” అన్నాడు బాబాయి.

వెనక నిలబడ్డవాళ్లు “ముప్పై రూపాయలకి ఇంత రామాయణమా” అని గొణగడం నాకు వినపడింది. ఆ అమ్మాయి పాట తీసేసి, ఆ నెల ముప్పై మాత్రం బ్యాలెన్స్‌లో తిరిగి వేయించింది. అంతకు ముందు నెలలవి రాలేదు.

ఇలాంటి రామాయణాలు దేశమంతటా జరిగాయి కాబట్టే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జూలైలో ఒక ఆదేశం ఇచ్చింది. ఏ అదనపు సేవ మొదలుపెట్టాలన్నా కస్టమర్‌ని రెండుసార్లు అడగాలి. ఒకసారి ఓకే నొక్కితే చాలదు, ధర ఎంతో చెప్పాక రెండోసారి కూడా సరే అనాలి. ఆపుకోవడానికి అన్ని కంపెనీలకూ కలిపి ఒకే టోల్‌ఫ్రీ నంబరు, 155223.

మొబైల్ ఫోన్ మీద పడ్డ రుసుముల్లో ఏ ఒక్కటీ కంపెనీలకు దయ పుట్టి పోయింది కాదు. 1995 జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి దేశంలో మొబైల్ సేవలకు కొబ్బరికాయ కొట్టారు. అప్పుడు ప్రధాని మన పీవీ. ఆ రోజుల్లో కాల్ నిమిషానికి పదహారు రూపాయల దాకా ఉండేది. విచిత్రమేమిటంటే ఫోన్ చేసినవాడికే కాదు, ఎత్తినవాడికీ పడేది. అప్పు అడగడానికి ఎవడో చేస్తే, ఆ కష్టాలు వినడానికి మనం ఎదురు కట్టాలి. అందుకే జనం ఫోన్ మోగితే నంబరు చూసి కట్ చేసేసి, ఎస్టీడీ బూత్‌కి నడిచేవాళ్లు. 2003లో చేసినవాడే కట్టాలన్న పద్ధతి వచ్చాకగాని ఇన్‌కమింగ్ ఉచితం కాలేదు. ఆ తర్వాత కూడా మిస్డ్ కాల్ మన జాతీయ భాషగా వర్ధిల్లింది. ఒక రింగైతే ఊరు చేరాను, రెండైతే నువ్వు చెయ్యి.

అరవై ఒక్క సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలకు వసూలు చేసేవాళ్లు. 2009లో టాటా డొకోమో సెకనుకి పైసా అంటూ రంగంలోకి దిగేసరికి మిగతా కంపెనీలూ సెకన్లు లెక్కపెట్టడం నేర్చుకున్నాయి. నెలంతా ఎస్సెమ్మెస్‌లు దాదాపు ఉచితమని ప్యాక్ అమ్మి, తీరా దీపావళి రోజునా, కొత్త సంవత్సరం రోజునా ‘ఇవాళ ప్యాక్ చెల్లదు’ అని ఒక్కోదానికి రూపాయి లాగిన కాలమూ ఉంది. ఇక రోమింగ్ సంగతి కుప్పం, హిందూపురం, ఇచ్ఛాపురం వైపు వాళ్లని అడగాలి. మనిషి ఇంట్లో మంచం మీదే ఉన్నా ఫోన్ పక్క రాష్ట్రం టవరు పట్టుకుని, ఆ రాష్ట్రానికి స్వాగతం చెప్పి డబ్బు కోసేది. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం లైసెన్సు సర్కిల్ ఒకటిగానే ఉండిపోయింది కాబట్టి హైదరాబాద్–విజయవాడ మధ్య ఆ బాధ రాలేదు. 2015లో బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. పోటీ పెరిగాక మిగిలినవాళ్లకూ తప్పలేదు.

ఇప్పుడు అవన్నీ పోయాయని సంబరపడేలోపు కొత్త దారులు తెరుచుకున్నాయి. వంద రూపాయల టాపప్ వేస్తే మాట్లాడుకోవడానికి దొరికేది 81.75. పద్దెనిమిది శాతం జీఎస్టీ, మూడు రూపాయల ప్రాసెసింగ్ ఫీజు పోగా మిగిలిందది. ‘నెల’ ప్యాక్ ఇరవై ఎనిమిది రోజులకే తీరిపోతుంది. సంవత్సరానికి నెలలు పన్నెండే అయినా రీచార్జులు పదమూడు. 2022 జనవరిలో ట్రాయ్ ముప్పై రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తారీఖున వచ్చే ప్లాన్ ఇంకొకటి పెట్టి తీరాలంది. పెట్టారు. కాకపోతే షాపువాడి నోట మొదట వచ్చేది ఇప్పటికీ ఇరవై ఎనిమిది రోజులదే.

మనలో ఎక్కువమందిది ప్రీపెయిడ్. బిల్లే రాదు కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోవడానికి కాగితమే ఉండదు. కావాలంటే ఆరు నెలల వాడకం వివరాలు అడిగి తీసుకోవచ్చని నిబంధన ఉంది. దానికి యాభై రూపాయల దాకా తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. పోయిన రూపాయి ఎటు పోయిందో చూడ్డానికి యాభై రూపాయల టికెట్టు.

పోస్ట్‌పెయిడ్ వాళ్ల కష్టం ఇంకో రకం. అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే తల్లిదండ్రులు బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి సిమ్‌ని అలాగే ఉంచుకుంటారు. విమానం దిగి ఫోన్ ఆన్ చేయగానే, డేటా రోమింగ్ ఆపి ఉండకపోతే, వాట్సాప్ తన పాటికి తాను ఫొటోలు దించుకుంటూ పోతుంది. వాళ్లు కారెక్కేలోపే మీటరు తిరుగుతుంది.

పెద్ద మొత్తం పడినా న్యాయం తొందరగా దొరుకుతుందనుకోకండి. అహ్మదాబాద్‌లో ఒక వినియోగదారుడికి నెలకి సగటున 555 రూపాయల బిల్లు వచ్చేది. 2013 చివర్లో ఒక నెల 24,609 రూపాయల 51 పైసలు వచ్చింది. ఆయన 2014లో జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. టెలికాం గొడవలు వినే అధికారం మీకు లేదని కంపెనీ అడ్డుపడింది. ఆ ఒక్క ప్రశ్న పైకోర్టులకు ఎక్కి, 2022 ఫిబ్రవరి 16న ఆ అధికారం ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. బిల్లు తప్పా ఒప్పా అన్నది కాదు, ఫిర్యాదు వినవచ్చా లేదా అన్నది తేలడానికే దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. కాని ఆయన విసిగిపోయి ఇంట్లో కూర్చుని ఉంటే, ఇవాళ మీరూ నేనూ మన ఊరి వినియోగదారుల కమిషన్ మెట్లెక్కే వీలు ఉండేదో లేదో.

2024 డిసెంబరులో ఇంకో చిన్న గెలుపు దక్కింది. ఇంటర్నెట్ అక్కర్లేనివాళ్లకు మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు విడిగా పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది. బటన్ల ఫోన్ వాడే బాబాయి లాంటివాళ్లు అందాకా, ఒక్క వీడియో చూడకుండానే, రోజుకి ఇన్ని జీబీలని డేటాకి డబ్బు కడుతూ వచ్చారు.

ఈ మార్పుల్లో ప్రతి ఒక్కదాని వెనకా నలుగురూ పిసినారి అని నవ్విన మనిషి ఎవరో ఒకరు ఉంటారు. కౌంటర్ దగ్గర రెండు రూపాయల కోసం వాదించే మనిషి మీ వరసకి అడ్డం పడితే గొణక్కండి. ఆయన వాదిస్తున్నది మీ రెండు రూపాయల కోసం కూడా. ఈ వారం తీరిక చూసుకుని మీ ఫోన్‌లోనూ, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లోనూ ఏయే సేవలు నడుస్తున్నాయో ఒకసారి చూడండి. అక్కర్లేనివి ఉంటే 155223కి చేసి ఆపించండి. ఆపకపోతే 198కి ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే నంబరు రాసుకోండి. ఈ రెండు ఫోన్లకీ డబ్బులు పడవు.