గంట మోగకముందు ఆట

"పిల్లలను కలిపి ఆడనివ్వండి, వారే కలిసిపోతారు." ఉపాధ్యాయుల గదిలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఇది సగమే నిజం. డర్బన్ నగరపు చాట్స్‌వర్త్‌లో ముప్పది ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నేను, మిగిలిన సగాన్ని గురించి వ్రాయదలచాను. నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నది. పలుకులో పుస్తకపు వాసన ఉంటే పాఠకులు మన్నించాలి.

కొంత చరిత్ర చెప్పక తప్పదు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం, ఎవరు ఎక్కడ నివసించాలో వర్ణాన్ని బట్టి నిర్ణయించింది. చెరకుతోటల కూలీల సంతతివారమైన మా కుటుంబాలను 1960లలో చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఇరుగుపొరుగునే ఉన్న ఉమ్లాజీని ఆఫ్రికన్లకు కేటాయించారు. బడులు వేరు, మైదానాలు వేరు. 1973లో ఏర్పడిన దక్షిణాఫ్రికా క్రీడామండలి, వర్ణవివక్ష తొలగనిదే కలిసి ఆడే ఆటలు ఉత్త ప్రదర్శన మాత్రమేనని వాదించింది. మా తరం ఆ వాదాన్ని వింటూ పెరిగింది. అందులోని సత్యం నాకు నేటికీ కనబడుతూనే ఉంది.

1990లలో బడుల తలుపులు తెరుచుకున్నాయి. ఉమ్లాజీ పిల్లలు టాక్సీలలో మా బడికి రాసాగారు. ఒకే తరగతి, ఒకే యూనిఫారం. విరామ సమయంలో మాత్రం రెండు గుంపులు. పాఠశాల జట్లు ఉన్నాయి కదా అంటారేమో. జట్ల సాధన జరిగేది చివరి గంట మోగిన తరువాత. మా బడిలో ఒక అమ్మాయి ఉండేది. ఆమె పరుగును మించిన పరుగు నేను చూడలేదు. ఆమె ఒక్కనాడూ సాధనకు ఆగలేదు. ఆగితే నెలవారీ టాక్సీ వెళ్ళిపోతుంది. మరో టాక్సీకి వేరే చార్జీ ఇవ్వాలి. ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. "ఆ పిల్లలకు ఆసక్తి లేదు" అని కొందరు పెద్దలు తేలికగా తేల్చివేశారు. అడ్డమైనది ఆసక్తి కాదు, ప్రయాణం.

కనుక పిల్లలందరూ తప్పక ఒకచోట ఉండే ఆట ఒక్కటే: టైంటేబుల్‌లో ఉన్న వ్యాయామ విద్య. 2012 నుండి దశలవారీగా అమలైన పాఠ్యప్రణాళికలో ఉన్నత తరగతులకు లైఫ్ ఓరియంటేషన్ వారానికి రెండు గంటలు, అందులో ఒక గంట వ్యాయామానికి. పరీక్షలు దగ్గరపడగానే మొదట మాయమయ్యేది ఆ గంటే. పాఠశాల పాలకమండళ్ళలో మనవారు ఎందరో ఉన్నారు. వారు కప్పులను, పతకాలను లెక్కించడంతో పాటు ఆ గంట ఏమైందో కూడా అడగాలని నా కోరిక.

గంట దొరికినంత మాత్రాన పని తీరదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త 1954లో ఒక సంగతి చెప్పాడు. భిన్న వర్గాలవారు ఎదురుపడినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పెద్దల మద్దతు ఉండాలి. ఇద్దరు నాయకులను నిలిపి "మీ జట్టును ఎంచుకోండి" అంటే ఏమవుతుంది? పేటల పటమే మైదానంలో మళ్ళీ గీయబడుతుంది. చిట్టచివర మిగిలిపోయిన పిల్లవాని ముఖం చూడలేము. అందుచేత మా తరగతిలో జట్లను నేనే కూర్చేదాన్ని, వారం వారం మార్చేదాన్ని.

నాకు ఎక్కువగా ఉపకరించిన ఆట ఖో-ఖో. ఈ దేశపు దేశవాళీ ఆటల జాబితాలో అది కూడా ఉంది. ఎనిమిదిమంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి వరుసగా కూర్చుంటారు. తరిమేవారు వరుసను దాటరాదు, వెనుకకు మళ్ళరాదు. ఎంత వేగముంటే ఏమి, కూర్చున్నవారి వీపు తట్టి "ఖో" అననిదే ముందుకు సాగదు. నేను ఒక నియమం చేర్చాను: ముందు పేరు పిలవాలి, ఆ తరువాతే ఖో. జూలూలో సి, క్యూ, ఎక్స్ అక్షరాలు నాలుకతో చేసే చప్పుళ్ళు. మన లిపిలో వాటికి గుర్తులే లేవు. మా పిల్లలు తడబడితే ఉమ్లాజీ పిల్లలు పగలబడి నవ్వేవారు. మన 'వెంకటలక్ష్మి' వంతు వచ్చినప్పుడు నవ్వు చేతులు మారేది. ఆరు వారాలలో అందరి నోళ్ళలో అందరి పేర్లు పలికాయి. పరుగులో మేటి అయిన ఆ అమ్మాయికి ఖో ఇవ్వడానికి అందరూ పోటీ పడేవారు.

వానరోజులలో, పరుగెత్తలేని పిల్లలు ఉన్నప్పుడు, వరండాలో గులకరాళ్ళు పరిచేవాళ్ళం. ఆ జాబితాలోనే దికెటో అనే ఆట ఉంది: ఒక రాయిని పైకి ఎగరవేసి, అది పడేలోగా క్రింది రాళ్ళను తీయాలి. మా అవ్వ దానినే అచ్చనగాయలు అనేది. ఎగరవేసిన రాయిని ఒంటిచేత్తో పట్టాలా, రెండు చేతులతో పట్టవచ్చునా అని పిల్లల మధ్య పెద్ద తగవు. మా అవ్వ ఒంటిచేయి అనేదని నేను సాక్ష్యం చెప్పాను. ఉమ్లాజీ పిల్ల ఒకతె లేచి, తన అవ్వ కూడా ఒంటిచేయే అంటుందని చెప్పింది.