అమ్మ భుజం నొప్పి, కొడుకు మిషను

హార్డ్‌వేర్ హ్యాకింగ్ అనంగనే మన పోరగాళ్లు ఆర్డ్యునో, రాస్ప్‌బెర్రీ పై వీడియోలు పంపుతరు. మంచిగనే ఉంటయ్, కాదన. కానీ నా లెక్కల మొదటి నంబరు ఆలేరు దిక్కు చింతకింది మల్లేశందే. ఆరో తరగతితోనే బడి బంద్. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే అర్ధచంద్రం లెక్క ఉన్న మేకుల మీదికెల్లి దారం తిప్పాలె. ఒక్క చీరకు చెయ్యి 9000 సార్ల దాకా అటూ ఇటూ పోవాలె! అమ్మ లక్ష్మి భుజాలు పట్టేస్తుంటే చూడలేక, హైదరాబాద్‌ల పనిచేసుకుంటనే సామాన్లు కొని, ఆసు పోసే మిషను కోసం ఏండ్ల తరబడి కుస్తీ పట్టిండు. 1999ల మిషను నడిచింది. దానికి అమ్మ పేరే పెట్టిండు. 2017ల పద్మశ్రీ.

మన ఊర్లల్ల పాత ఫోన్‌ను మోటార్ స్టార్టర్‌కు కలిపినోళ్లు తక్కువోళ్లా? రింగయితే వైబ్రేటర్ వైర్లకు వచ్చే కరెంటుతోటి రిలే పడుతది, బావికాడ మోటార్ అందుకుంటది. (త్రీఫేజ్‌తోటి ఆటలు మాత్రం వద్దు.)

వెల్గటూర్, కోరుట్ల బావులకాడ గానీ, సిరిసిల్ల సాంచెల కాడ గానీ ఇసొంటి పనితనం కనవడితే ఒక ఫొటో తీసి పెట్టుండ్రి. చేసినోళ్లను అడిగే తీయుండ్రి.