తొమ్మిది నెలల పసుపు... పన్నెండు సెకన్లలో!

ఫిబ్రవరి నెల. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. భీమ్‌గల్ శివార్లలో ఏ కల్లం దగ్గరికి వెళ్లినా ఒకటే వాసన... ఉడికిన పసుపు వాసన. మంచుకు తడవకుండా రాత్రి కప్పిన పరదాలను ఇద్దరేసి మనుషులు చెరో కొస పట్టుకుని లాగుతుంటారు. నేలమీద నిలబడి చూస్తే అది రోజూ ఉండే పనే. అదే పనిని వంద మీటర్ల ఎత్తు నుంచి, అరగంటను పది సెకన్లకు కుదించి చూస్తే? నీలం పరదాలు ఒక్కొక్కటే మాయమవుతూ... వాటి కింద నుంచి పసుపుపచ్చ తివాచీలు బయటపడుతూ... ఊరు నిద్రలేచి దుప్పటి మడతపెట్టినట్టే ఉంటుంది!

డ్రోన్‌తో తీసిన టైమ్‌లాప్స్, హైపర్‌లాప్స్ వీడియోలనగానే గుర్తొచ్చేవి దుబాయ్ ఆకాశహర్మ్యాలు, హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన, రాత్రిపూట ఏరులా పారే కార్ల లైట్లు. నగరం ఎలాగూ వేగంగా కదులుతుంది. దాన్ని ఇంకాస్త వేగంగా చూపించడం పెద్ద కష్టమేం కాదు. మరి భీమ్‌గల్ లాంటి చిన్న పట్టణంలో ఏముంది కదిలేది? ఉంది. చేను కదులుతుంది. కాకపోతే నింపాదిగా... భూమిలో పసుపు దుంప ఊరినంత నింపాదిగా!

గుట్ట, వాగు, చేను

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి వెళితే ఆర్మూర్ వస్తుంది. నవనాథ సిద్ధుల గుట్ట మీది నల్లరాళ్లు దూరం నుంచే పలకరించే ఊరది. అక్కడ పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే భీమ్‌గల్. నిజామాబాద్ జిల్లాలోని ఈ మండల కేంద్రం 2018లో మున్సిపాలిటీ అయింది. పక్కనే కప్పలవాగు. కాస్త దూరంలో లక్ష్మీనరసింహస్వామి కొలువైన లింబాద్రి గుట్ట. నింబాచలమనీ పిలుస్తారు. పెంకుటిళ్ల పక్కనే లేచిన కొత్త డాబాలు, అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఫోన్ కోసం ఎదురుచూసే ఇళ్లు... ఈ ప్రాంతమంతా కనిపించే దృశ్యాలే ఇక్కడా. ఊరు దాటితే చేలు. ఆ చేలే ఇక్కడి టైమ్‌లాప్స్‌కు అసలు కథానాయకులు.

పువ్వు విచ్చుకున్న రోజుల నుంచీ...

కాలాన్ని కుదించి చూపే విద్య కొత్తదేం కాదు. మొగ్గ పువ్వయ్యే తీరును 1910లోనే ఇంగ్లండ్‌కు చెందిన పెర్సీ స్మిత్ ‘ద బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్’ అనే చిన్న సినిమాగా తీశాడు. 1982లో వచ్చిన ‘కొయానిస్‌కాట్సి’ నగరాల పరుగును ఇదే పద్ధతిలో వెండితెర మీదకు తెచ్చింది. కెమెరా ఒకేచోట ఉండి, నిర్ణీత వ్యవధికో ఫొటో తీస్తే అది టైమ్‌లాప్స్. కెమెరా కూడా ప్రయాణిస్తూ తీస్తే హైపర్‌లాప్స్. ఒకప్పుడు దానికోసం స్టాండును అడుగడుగూ జరుపుకుంటూ పోవాల్సి వచ్చేది. 2014లో ఇన్‌స్టాగ్రామ్ ‘హైపర్‌లాప్స్’ పేరుతో ఓ యాప్ తేవడంతో ఆ మాట మామూలు జనానికీ తెలిసింది. 2018లో డీజేఐ సంస్థ మావిక్-2 డ్రోన్‌లోనే ఆ సదుపాయం పెట్టింది. అప్పటి నుంచి అడుగులు లెక్కపెట్టే పని లేకుండా పోయింది.

లెక్క మాత్రం మిగిలింది. వీడియోలో సెకనుకు 25 ఫొటోలు కావాలి. 12 సెకన్లకు 300. రెండు సెకన్లకో ఫొటో చొప్పున తీస్తే డ్రోన్ పది నిమిషాలు గాల్లో ఉండాలి. చాలా చిన్న డ్రోన్ల బ్యాటరీ ఇంచుమించు అరగంట. ఎగరడానికి, దిగడానికి, ఎదురుగాలికి కొంత పోగా ఒక బ్యాటరీతో అలాంటి ప్రయాణాలు ఒకటో రెండో. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి తీస్తే చేతికొచ్చేది పన్నెండు సెకన్లన్న మాట!

ఒకే దారి... పది నెలలు

అయితే పది నిమిషాల్లో చేను పెరగదుగా? దానికీ ఓ ఉపాయం ఉంది. డ్రోన్ వెళ్లే దారిని, ఎత్తును, కెమెరా చూసే కోణాన్ని యాప్‌లో గుర్తులుగా దాచుకోవచ్చు. జూన్ నుంచి మార్చి దాకా నెలకోసారి, అదే వేళకు, అదే దారిలో ఎగరేస్తే పది ప్రయాణాలు. ప్రతిసారీ 300 ఫొటోలు. అందులోంచి జూన్‌లో తీసినవి మొదటి 30, జులైవి తరువాతి 30... ఇలా వరుసగా పేర్చుకుంటూ పోతే మొత్తం 300. డ్రోన్ ముందుకు సాగుతున్నకొద్దీ కింద నెలలు మారుతుంటాయి. కప్పలవాగు దగ్గర తొలకరి, గుట్ట చేరేసరికి పసుపు కోత!

చెప్పినంత తేలిక కాదు. జీపీఎస్ ఒక్కోసారి మీటరో రెండు మీటర్లో అటూఇటూ అవుతుంది. గుడి గోపురమో, నీళ్ల ట్యాంకో ఏదో ఒక కదలని గుర్తును పట్టుకుని కంప్యూటర్లో ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి సరిపెట్టాలి. ఎండాకాలం పొట్టిగా ఉండే నీడ చలికాలం సాగుతుంది. వానాకాలంలో చెప్పిన రోజుకు మబ్బు పట్టొచ్చు. గద్దల సంగతి సరేసరి... తమ ఇలాకాలోకి మరో పక్షి వచ్చిందనుకుని తన్నడానికి వస్తాయి.

ఇంతకీ ఆ పది నెలల్లో ఏం కనిపిస్తుంది? జూన్‌లో దుక్కి చేసిన ఎర్రనేల, నల్లనేల. ఆ తరువాత పచ్చదనం. కానీ అది పసుపు కాదు... మొక్కజొన్న! ఆర్మూర్ ప్రాంత రైతులు పసుపులో మొక్కజొన్నను అంతరపంటగా వేస్తారు. అది ఏపుగా పెరిగి పసుపు మొక్కను కప్పేస్తుంది. పైనుంచి చూసే కెమెరాకు మొదటి మూడు నాలుగు నెలలు పసుపు జాడే తెలియదు. మొక్కజొన్న కోశాకే వెడల్పాటి ఆకులతో పసుపు తలెత్తుకుంటుంది. చలికాలంలో పక్క చేలల్లో ఎర్రజొన్న కంకులు రంగు తేలుతుంటే, ఇటు పసుపు ఆకు ఎండి వాలిపోతుంది. జనవరి నుంచి ఆకు కోసి దుంప తవ్వుతారు. అంటే చేలోని రంగు కల్లానికి చేరిందన్న మాట. అసలు పసుపుపచ్చ కనిపించేది సినిమా చివర్లోనే!

కల్లంలోనూ కథ ఉంది. తవ్విన దుంపలను బాయిలర్ ఆవిరిలో ఉడికించి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, తిరిగే డ్రమ్ముల్లో వేసి మెరుగు పెడతారు. ఇంచుమించు ఐదు కిలోల పచ్చి దుంప ఎండితే మిగిలేది కిలో. మిగతాదంతా గాల్లో కలిసిపోయే నీరే. రెండు వారాలపాటు ఒకే కల్లాన్ని రోజుకోసారి తీస్తే కుప్ప కుంచించుకుపోవడం, రంగు ముదరడం కళ్లకు కడుతుంది.

పసుపు తెల్లబోతే!

కొత్తగా తీసేవాళ్లను ఇక్కడ దెబ్బతీసేది రంగు. తెర నిండా పసుపే ఉంటే కెమెరా తికమకపడుతుంది. ఇంత పసుపుదనం ఏదో పొరపాటనుకుని తనంతట తానే తగ్గించేస్తుంది. ఒక ఫొటోలో బంగారంలా ఉన్న కొమ్ము మరో ఫొటోలో పాలిపోతుంది. అన్నీ కలిపి ఆడిస్తే వీడియో మిణుకుమిణుకుమంటుంది. అందుకే వైట్ బ్యాలెన్స్‌ను, ఎక్స్‌పోజర్‌ను ముందే ఒకచోట బిగించేస్తారు. లెన్సుకు నల్లకళ్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ తగిలిస్తే కదిలే మనుషులు, ట్రాక్టర్లు కాస్త అలుక్కుపోయినట్టు వచ్చి కదలిక సాఫీగా ఉంటుంది. డ్రోన్‌ను దించేటప్పుడు కల్లానికి దూరంగా దించాలి. రెక్కల గాలికి దుమ్ము లేచిందంటే ఆరబోసిన పసుపుకూ నష్టమే, మోటార్లకూ నష్టమే.

‘సర్వే చేస్తున్నరా?’

డ్రోన్ లేవగానే నలుగురూ పోగవుతారు. ‘‘ఏం బిడ్డా, భూములు సర్వే చేస్తున్నరా?’’ అని ఎవరో పెద్దాయన అడగడం మామూలే. భూమి కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఊళ్లలో ఆ అనుమానం వట్టిది కాదు. ‘‘లేదు కాకా, వీడియో తీస్తున్న’’ అని తెర చూపిస్తే సగం భయం పోతుంది. ‘‘మా చేను ఏదీ?’’ అని వెతుక్కోవడంతో మిగతా సగమూ పోతుంది. డాబాల మీద ఆడవాళ్లుంటారు, పెరళ్లలో స్నానాలుంటాయి. ఎవరి ఇంటి మీదుగా వెళుతున్నామో ముందే చెప్పి వెళ్లడం చట్టం కంటే ముందు మర్యాద.

చట్టమూ ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, ఆపైన రెండు కిలోల వరకు మైక్రో డ్రోన్లు. గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. ఏ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో ‘డిజిటల్ స్కై’ మ్యాపులో చూసుకోవాలి. మైక్రో డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. దాన్ని డబ్బుల కోసం ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరను పైనుంచి తీస్తే అద్భుతంగానే ఉంటుంది. కానీ రథం చుట్టూ కిక్కిరిసిన జనం నెత్తిన డ్రోన్ తిప్పడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. పోలీసుల అనుమతితో, జనానికి దూరంగా ఒక పక్కన నిలిపి తీసుకోవాల్సిందే.

కెమెరాకు అందనిది...

ఇంత చేసినా ఆ పన్నెండు సెకన్లలో ఒకటి కనిపించదు. ధర!

కల్లం ఖాళీ అవుతుంది, బస్తాలు ట్రాక్టరెక్కుతాయి. ఆఖరి ఫొటో అక్కడితో సరి. రైతుకు అసలు కథ మొదలయ్యేది ఆ తరువాతే. బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరాలి. కొమ్మా గోళా, తేమ ఎంత, రంగెలా ఉంది అని చూసి వ్యాపారులు ధర కడతారు. గిట్టుబాటు కాదనుకుంటే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా మోసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. తొమ్మిది నెలల కష్టం విలువ కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఆలోచిస్తే అదీ ఓ టైమ్‌లాప్సే... తీయడానికి ఎవరూ ఇష్టపడని టైమ్‌లాప్స్!

ఆ బాధే 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా చూసింది. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలంటూ, పసుపు బోర్డు పెట్టాలంటూ నిజామాబాద్ నియోజకవర్గంలో 178 మంది రైతులు పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది! 2025 జనవరి 14న, సంక్రాంతి రోజున, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. బోర్డు వచ్చిందని రాయడానికి ఒక్క వాక్యం చాలు. రైతు దానికోసం ఎదురుచూసింది ఏళ్లకేళ్లు.

మరి చూపించలేనిది అంత ఉన్నప్పుడు పది నెలలు కష్టపడి తీయడం దేనికి? పసుపు కొనేవాళ్లలో ఎక్కువమందికి తెలిసింది వంటింట్లో డబ్బానే. దాని వెనక ఎన్ని రంగులు మారాయో, మొక్కజొన్న చాటున అదెన్నాళ్లు ఓపిగ్గా ఉందో, ఐదు కిలోలు కిలో కావడానికి ఎన్ని పొద్దులు పట్టిందో చెబితే వినేంత తీరిక ఎవరికీ లేదు. పన్నెండు సెకన్ల తీరిక అందరికీ ఉంటుంది!

పన్నెండు సెకన్లు చాలని వాళ్లు కూడా ఉన్నారు. ఎక్కడో ఎడారి దేశంలో, డ్యూటీ దిగి, కార్మికుల క్యాంపులో మంచం మీద వాలిన భీమ్‌గల్ మనిషికి అలాంటి వీడియో ఒకటి ఫోన్‌లో చేరిందనుకోండి. విత్తనం పెట్టినప్పుడు ఆయన ఊళ్లో లేడు. తవ్వినప్పుడూ లేడు. మిగతావాళ్లకు గిర్రున తిరిగిపోయే వీడియోను ఆయన వేలితో ఆపుతాడు. వెనక్కి జరుపుతాడు. మళ్లీ ఆపుతాడు. వాగు... గుట్ట... ఆ మలుపు దగ్గర వేపచెట్టు... దాని పక్కన తన కల్లం. పరదా తీస్తున్న ఇద్దరిలో ఒకరు తన ఇంటి మనిషేనేమో!

వేగంగా తిప్పడానికి తీసిన సినిమాను ఆయన ఒక్కో ఫొటో ఆపి ఆపి చూస్తాడు.