ఒక ఫోను, రెండు నంబర్లు

నా ఫోనులో ఇప్పుడు రెండు నంబర్లు ఉన్నాయి. ఒకటి కాలేజీ రోజుల నుంచి ఉన్న నా సొంత నంబరు. రెండోది ఆఫీసు వాళ్ళు ఇచ్చింది. దానికి సిమ్ ముక్క లేదు, ఈ-సిమ్. ఐఫోన్లలో ఇది 2018లో వచ్చింది. 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14లో అయితే సిమ్ పెట్టే చోటే తీసేశారు.

ప్రతి లైనుకీ ఒక పేరు పెట్టమని ఫోను అడుగుతుంది. తెలుగులో పెడదామనిపించింది. "పని, ఇల్లు అని పెట్టనా?" అని అమ్మమ్మని అడిగాను. నవ్వింది. "పని అంటే అంట్లు తోమడం, బట్టలు ఉతకడం రా. నువ్వు చేసేది ఉద్యోగం" అంది. నిఘంటువులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఈ తేడా మాత్రం ఉండదు. ఉద్యోగం, ఇల్లు అని పెట్టాను.

నెలలో ఒక వారం రాత్రిళ్ళు కూడా ఉద్యోగం లైను ఎత్తాలి. మేముండేది కాలిఫోర్నియాలో. వేసవిలో రాజమండ్రి మాకంటే 12 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, చలికాలంలో ఇంకో గంట ఎక్కువ. అక్కడ మధ్యాహ్నం ఏదైనా జరిగితే ఇక్కడ అర్ధరాత్రి ఫోను మోగుతుంది. అందుకే ఇంట్లో వాళ్ళందరికీ వేరే రింగ్‌టోన్ పెట్టాను. మామూలు రింగ్ అయితే సర్వరే. సర్వర్ ఆగిపోయిందని ఊపిరి పీల్చుకునేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా.

అసలు తగువు నంబరు గురించి కాదు. ఫోను మొత్తం తమ అదుపులో ఉండేలా ఒక ప్రొఫైల్ వేసుకోమని ఆఫీసు అడిగింది. అలా వేస్తే, రేపు నేను ఉద్యోగం మానేసినా, ఫోను పోయినా, వాళ్ళు దూరం నుంచే అంతా చెరిపేయగలరు. ఆ ఫోనులో మూడేళ్ళుగా అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజీలు ఉన్నాయి. నా తెలుగు సగం వాటిలోంచి వచ్చిందే. 'ల'కీ 'ళ'కీ తేడా ఆవిడ చెప్పేదాకా నా చెవికి పట్టలేదు.

"ఆఫీసు ఫోను వేరే తీసుకో, సాయంత్రం కారులో పడేసి రా" అన్నారు నాన్న. ఆయన ఎన్నో ఏళ్ళు అలాగే చేశారు. నాకు రెండు ఛార్జర్లు మోయడం ఇష్టం లేదు. ఆఫీసు ఖాతాని మాత్రమే విడిగా ఉంచే పద్ధతి కూడా ఉంది. అందులో వాళ్ళు తమ మెయిలు, తమ యాప్‌లు తప్ప ఇంకేమీ చెరపలేరు. అదే కావాలని రాసి పంపాను. రెండు వారాలు నానబెట్టి ఒప్పుకున్నారు. ఉద్యోగానికి సొంత ఫోను వాడక తప్పకపోతే, బిల్లులో తగినంత భాగం యజమాని ఇవ్వాలని కాలిఫోర్నియా కోర్టు 2014లో చెప్పిందట. అది కూడా అడిగాను, మొహమాటం లేకుండా.

అయినా మెసేజీలన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాను. ఒకదాంట్లో గోంగూర పచ్చడి సగం చెప్పేసరికి పాలవాడు వచ్చాడు. మిగతా నాలుగు నిమిషాలూ పాలలో నీళ్ళ గురించే. అదీ దాచాను.