ఇనుముపై చెక్కిన అంకెలు



తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాడికి మోటారు ఇంజనుతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. 2018 వేసవిలో మిషిగన్ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట ఉన్నప్పుడు అనుకోకుండా అబ్బిన విద్య ఇది.

పొరుగింటి పెద్దమనిషి ఒకరు తన గ్యారేజీలో పాత షెవ్రొలే కమారో కారును భద్రపరచుకున్నారు. ఆయన అన్నగారు 1969లో కొత్తగా కొన్నది. అన్నగారు గతించారు, బండిని అమ్మివేయాలని తమ్ముడి సంకల్పం. బండితో పుట్టిన ఇంజనే నేటికీ ఉన్నదని ఋజువైతే వెల బాగా పెరుగుతుందట. "ఇది మా అన్న కొన్ననాటి ఇంజనే" అని ఆయన దృఢవిశ్వాసం. చూపు మందగించినందున అంకెలు చదివిపెట్టే పని నాకు అప్పగించారు.

ఇంజను కుడివైపు, సిలిండరు హెడ్డుకు ముందు, ఆల్టర్నేటరు చాటున అరచేతిలో సగమైనా లేని నున్నని చదును ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దితే అక్షరాలు చెరిగిపోతాయి కనుక, నూనె జిడ్డును మందుతో మెత్తగా తుడిచాము. పిమ్మట పలుచని కాగితం అంటించి పెన్సిలుతో రుద్దాను. శిలాశాసనాలకు నకలు తీసే పద్ధతే కదా!

ఇంజనుపై మూడు లేఖనాలు కనిపించాయి. మొదటిది వెనుకవైపు పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన "డి 14 0". ఎ మొదలు ఎల్ వరకు పన్నెండక్షరాలు పన్నెండు నెలలకు గుర్తులు. డి అంటే ఏప్రిల్. పోతపోసినది ఏప్రిల్ 14. సంవత్సరానికి చివరి అంకె మాత్రమే. రెండవది ముందరి చదునుపై సుత్తితో కొట్టిన "వి 0427". వి అంటే ఫ్లింట్ కర్మాగారం, ఏప్రిల్ 27న కూర్పు. దాని వెనుక ఉన్న అక్షరాలు ఏ రకం బండికి, ఏ గేరుపెట్టెకు ఉద్దేశించినదో చెబుతాయి. ఇక్కడ సంవత్సరమే లేదు! మూడవది "10ఎన్", దాని తర్వాత వరుస సంఖ్య. ఒకటి షెవ్రొలేకు, సున్న సంవత్సరానికి, ఎన్ ఒహాయో రాష్ట్రపు నార్వుడ్ కర్మాగారానికి గుర్తులు. బండి సంఖ్యలోని ఈ భాగాన్ని ఇంజనుపై కూడా ముద్రించడం 1968 నమూనాల నుండి నియమం.

ఆ సున్న 1970ది కావచ్చు, 1980ది కావచ్చు. మన ప్రభవాది వత్సరాల చిక్కే ఇది. అరవై ఏళ్ళకొకసారి పేరు తిరిగి వస్తుంది. అయితే 1980 నమూనాలకు ఆ సంస్థ సంఖ్యకు బదులు ఎ అనే అక్షరం వాడింది. కాబట్టి ఈ సున్న 1970దే. 1969లో కొన్న బండికి, 1970 ఏప్రిల్‌లో పోసిన ఇంజను! అద్దం వెనుక డాష్‌బోర్డుపై ఉన్న బండి సంఖ్యతో పోల్చి చూచాము. కలియలేదు. అది మరొక కమారో నుండి తెచ్చి పెట్టినది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ చదును చెక్కించి కొత్త అంకెలు కొట్టించుకోమని ఒకరు ముందే సలహా ఇచ్చారని చెప్పారు. కర్మాగారపు కోతయంత్రం విడిచిన సన్నని సమాంతర రేఖలు అప్పుడు చెరిగిపోతాయి, ఎరిగినవాడు పట్టేస్తాడు. ఎరుగనివాడు మోసపోతాడు. "మీరైతే ఏం చేసేవారు?" అని నన్నడిగారు.

నాకు వెంటనే జవాబు రాలేదు. కారణముంది. మా ఇంట నాటుకాగితంపై వ్రాసిన ప్రబంధప్రతి ఒకటి ఉంది. ముత్తాతగారి స్వహస్తలిఖితమని వంశంలో ప్రతీతి. చివర "రుధిరోద్గారి" అని సంవత్సరం, తిథి, వారం ఉన్నాయి, శకసంఖ్య లేదు. 1863 అనుకున్నాము. భాషాప్రవీణ చదివే రోజుల్లో పంచాంగాలు తిరగవేసి చూస్తే ఆ తిథికి ఆ వారం 1863లో కుదరలేదు, 1923లో కుదిరింది. ముత్తాతగారు 1908లోనే పోయారు. ఆ సంగతి నాన్నగారికి చెప్పలేకపోయాను. ఆయన పోయిన తర్వాత కూడా, ఉద్యోగకాలమంతా పిల్లలకు ఆ ప్రతిని చూపించి "మా ముత్తాతగారి దస్తూరి" అనే చెప్పాను.

ఇదంతా మా అబ్బాయి సాయంతో ఆయనకు చెప్పాను. ఆయన నవ్వి, "అయితే మనిద్దరం చెరొక చీటీ వ్రాయాలి" అన్నారు. ఇంజను మారినదని స్పష్టంగా వ్రాసి, తక్కువ వెలకే బండిని అమ్మారు. కాగితంపై తీసిన నకలును మాత్రం అన్నగారి ఫొటో వెనుక దాచుకున్నారు.

ఇంటికి వచ్చాక నేనూ ఒక చీటీ వ్రాసి ప్రతిలో పెట్టాను: "ఇది ముత్తాతగారి చేతివ్రాత కాదు. 1923 నాటి నకలు. లేఖకుడు తెలియదు." ముప్పయ్యేళ్ళు పిల్లలకు చెప్పిన మాటను దిద్దుకునే దారి నాకిక లేదు. వారిలో ఎవరైనా ఇది చదివితే, ఆనాటి పాఠంలో ఆ ఒక్క వాక్యం కొట్టివేసుకోమని ప్రార్థన.

స్వస్తి.