సంఘము పద్దులో లేని పేరు

మాది చింతామణి తాలూకా బట్లహళ్ళి. ఇంట తెలుగు, బడిలో కన్నడము. మెట్రిక్యులేషను దాటి నేను చదువలేదు గాని, ఒక కళాశాల కార్యాలయమున గుమాస్తాగా ముప్పది యేండ్లకు పైగా విద్యార్థుల పేర్లు వ్రాసితిని, కొట్టివేసితిని. కావున విద్యార్థి సంఘములను గూర్చి రెండు మాటలు చెప్పుట సాహసము కాదని తలంచెదను.

అమెరికాలో 1776లో విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు ఫై బీటా కప్పా అను సంఘమును స్థాపించిరి. గ్రీకు అక్షరములే పేర్లుగా గల సోదర సంఘములు, సోదరీ సంఘములు పిమ్మట అచట వ్యాపించినవి. మనకు ఆ పేర్లు లేవు గాని పని క్రొత్తది కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆంధ్ర భాషాభిరంజని సమాజము పెట్టిన పోటీకై 1899లో కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిగా నుండియే 'ముసలమ్మ మరణము' వ్రాసిరి. అది బుక్కరాయసముద్రము చెరువుకట్ట కథ. మన సీమకు దూరపుది కాదు. ఆయనయే తరువాత మైసూరు సంస్థానమున విద్యాశాఖను నడిపిరి. ఆ సంఘము చేసినదెల్ల ఒక పోటీ పెట్టుట మాత్రమే!

మా కళాశాలలోను ఒక తెలుగు విద్యార్థి సంఘముండెడిది. చందాలు, వార్షికోత్సవము, పూలదండలు, ఫోటో. లెక్క వ్రాసినది నేనే. ఒక యేడు మా వైపు పల్లెనుండి వచ్చిన బాలుడొకడు పరీక్ష రుసుము కట్టలేక మూడు దినములు నా కిటికీ ముందు నిలిచెను. నాలుగవనాడు రాలేదు. గడువు ముగిసినది, పేరు కొట్టివేసితిని. ఆ వారమే ఉత్సవము. పందిటికిచ్చిన పైకముతో అట్టి రుసుములు నాలుగైదు తీరెడివి. సంఘ కార్యదర్శి చెడ్డవాడు కాడు. అతనికి సంగతి తెలియదు, అంతే. రెండు లెక్కలును ఎరిగినవాడను నేనొక్కడనే. "నాయనా, ముందు దీని సంగతి చూడుము" అని ఒక్క మాట అనియుండవచ్చును. గుమాస్తాకేల యని ఊరకుంటిని.

ఆడపిల్లల వసతిగృహమున ఏ సంఘమును లేదు. ఒకతెకు జ్వరము వచ్చిన, తక్కినవారు వంతులు వేసికొని పాఠములు వ్రాసి యిచ్చెడివారు. దానికి రసీదు పుస్తక మక్కరలేకపోయెను.

ఇప్పుడు మన సంఘమువారు ఉత్సవమునకు చందా అడిగినప్పుడెల్ల, "పరీక్ష రుసుము నిమిత్తము" అని రసీదు మీద వ్రాయించి యిచ్చుచున్నాను. ఆ పైకమును ఏ పద్దున చేర్చవలెనని కోశాధికారి గారు ఇంకను అడుగుచునే యున్నారు.